తీగ వచ్చినా నెట్ రాదేం?
అంకెల చిక్కు విడదీసుకుంటే మెకానిక్ కోసం పడిగాపులు తప్పుతాయి

దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించలేదన్నట్లుంది పల్లెల్లో ఇంటర్నెట్ పరిస్థితి. వీధి స్తంభం నుంచి తీగ ఇంట్లోకి వచ్చింది. మోడెం మీద పచ్చ దీపాలు వెలుగుతున్నాయి. నెల బిల్లు కట్టేశారు. అయినా కంప్యూటర్ తెర మీద 'నో ఇంటర్నెట్' అన్న మాట తప్ప మరొకటి కనిపించదు. అవతల పిల్లవాడి పరీక్ష ఫీజుకు ఈ రోజే ఆఖరు గడువు. మెకానిక్‌కు కబురు పెడితే "రేపొస్తా" అంటాడు. గడువు మాత్రం రేపటిదాకా ఆగదు.

తీరా మెకానిక్ వచ్చి చేసే పని ఒక్కోసారి అయిదు నిమిషాలది. తీగ మార్చడు, సామాను వేయడు. తెర మీద నాలుగు అంకెలు చెరిపి, ఒక మాట మార్చి వెళతాడు. ఆ పని ఊళ్లో ఒక్కరికి తెలిసినా ఎన్నో దరఖాస్తులు గడువు దాటకుండా ఉంటాయి.

మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న. గ్రామ పంచాయతీలకు గాజు తీగ వేసే పథకాన్ని కేంద్రం ఆమోదించింది 2011లో. దానికే తరువాత భారత్‌నెట్ అని పేరు పెట్టారు. తీగ పల్లెకు చేరినంతగా దాన్ని వాడుకునే తెలివిడి చేరలేదనక తప్పదు.

దీపాలే సాక్షులు

ముందుగా చూడవలసింది కంప్యూటర్‌ను కాదు, మోడెంను. గాజు తీగ కనెక్షన్ల మోడెం మీద 'లాస్' అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగితే తీగలో వెలుతురు రావడం లేదని అర్థం. తీగ ఎక్కడో తెగి ఉండవచ్చు, మడత పడి ఉండవచ్చు. అది కంపెనీ వారు చేయవలసిన పని. ఇంట్లో ఎంత తంటాలు పడినా లాభం లేదు.

ఆ దీపం ఎర్రగా లేకపోతే అదే మోడెం వైఫైని ఫోన్‌కు కలిపి చూడాలి. ఫోన్‌లోని మొబైల్ డేటాను ముందే ఆపుకోవాలి సుమా! ఫోన్‌లో నెట్ వచ్చి కంప్యూటర్‌లో రాకపోతే దోషం తీగది కాదు, కంప్యూటర్‌దేనని తేలిపోతుంది.

నాలుగు అంకెల కథ

ఉత్తరం చేరాలంటే ఇంటి నంబరు ఉండాలి. నెట్‌లోనూ అంతే. కంప్యూటర్‌కు ఉండే ఇంటి నంబరే ఐపి అడ్రస్. సబ్‌నెట్ మాస్క్ అనేది వీధి హద్దు. గేట్‌వే ఊరు దాటి వెళ్లే దారి. ఇళ్లలో సాధారణంగా మోడెమే ఆ దారి. ఇక డి.ఎన్.ఎస్. పేరు చెబితే ఇల్లు చూపే పోస్ట్‌మాన్ వంటిది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా తెర మీద ఏమీ తెరుచుకోకపోవచ్చు.

ఈ అంకెలను మోడెం తనంతట తానే కంప్యూటర్‌కు అందిస్తుంది. ఆ ఏర్పాటు పేరు డి.హెచ్.సి.పి. చిక్కంతా ఎక్కడంటే, కొన్ని కనెక్షన్లకు మెకానిక్ ఈ అంకెలను చేత్తో రాసి పోతాడు. ఏడాదికో రెండేళ్లకో ఇంటివారు కంపెనీ మారుస్తారు. కొత్త తీగ వస్తుంది, కొత్త మోడెం వస్తుంది. కంప్యూటర్ మాత్రం పాత అంకెలనే పట్టుకుని వేలాడుతుంది. ఊరు మారినా పాత ఇంటి నంబరే చెప్పేవాడికి ఉత్తరం ఎలా చేరుతుంది?

ఇంటర్నెట్ సెంటర్లలో మరో చిక్కు ఉంది. ఒక కంప్యూటర్‌లోని అంకెలను చూసి పక్కదాంట్లోనూ అవే రాస్తారు. రెండిళ్లకు ఒకే నంబరు ఉన్నట్లయి రెండింటికీ నెట్ ఆగుతూ ఆగుతూ వస్తుంది.

సరిచేసే దారి

విండోస్ 11 కంప్యూటర్‌లో సెట్టింగ్స్ తెరిచి 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్'లోకి వెళ్లాలి. తీగతో కలిపి ఉంటే 'ఈథర్నెట్' నొక్కాలి. గాలిలో కలిపి ఉంటే 'వైఫై'లోకి వెళ్లి, కలిసి ఉన్న కనెక్షన్ వివరాలు తెరవాలి. అక్కడ 'ఐపి అసైన్‌మెంట్' పక్కన 'మాన్యువల్' అని ఉంటే, ముందుగా ఆ అంకెలన్నీ కాగితం మీద రాసుకోవాలి. ఆ తరువాత 'ఎడిట్' నొక్కి 'ఆటోమేటిక్' ఎంచుకుని 'సేవ్' చేయాలి. కింద ఉండే 'డి.ఎన్.ఎస్.' విషయంలోనూ అంతే. నెట్ వస్తే సరి. కంపెనీ వారే ప్రత్యేక అంకెలు ఇచ్చిన కనెక్షన్ అయితే కాగితం మీద ఉన్నవి మళ్లీ రాసుకోవచ్చు.

ఐపి అడ్రస్ 169.254తో మొదలైతే మోడెం నుంచి నంబరు అందలేదని తెలుసుకోవాలి. మోడెంను ఒకసారి ఆపి, కాసేపాగి వేసి, తీగ కొసలు గట్టిగా నొక్కి చూడాలి. అదే సెట్టింగ్స్‌లో 'ప్రాక్సీ' అన్నది ఎవరూ పెట్టకుండానే ఆన్ అయి ఉంటే ఆపివేయాలి.

గడియారం తప్పితే?

పాత కంప్యూటర్లలో మరో వింత జరుగుతుంది. నెట్ వస్తుంది గాని బ్యాంకు, ప్రభుత్వ వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోవు. తెర మూలన తేదీ చూస్తే ఎన్నో ఏళ్ల నాటిది ఉంటుంది! లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా గడియారం వెనక్కి పోతుంది. వెబ్‌సైట్ అసలుదా, నకిలీదా అని తేల్చే పత్రానికి గడువు తేదీలుంటాయి. గడియారం తప్పితే ఆ పత్రం చెల్లదని కంప్యూటర్ అనుకుంటుంది. తేదీ, సమయం చేత్తో సరిచేయాలి. బిళ్ల మార్చాలి. చాలావాటిలో ఉండేది సి.ఆర్.2032 రకం.

ఇవి మాత్రం వద్దు

మోడెం వెనక చిన్న రంధ్రంలో పిన్నుతో పొడిచే అలవాటు కొందరికి ఉంది. అది రీసెట్ మీట. దాన్ని నొక్కి పట్టుకుంటే కంపెనీ వారు నమోదు చేసిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెరిగిపోవచ్చు. అప్పుడు నిజంగానే మెకానిక్ రావలసి వస్తుంది.

ఫోన్ హాట్‌స్పాట్‌తో కంప్యూటర్ వాడేవారు ఆ కనెక్షన్‌కు 'మీటర్డ్ కనెక్షన్' ఆన్ చేసుకోవాలి. లేకపోతే విండోస్ అప్‌డేట్లు దిగి ఆ రోజు డేటా కాస్తా అయిపోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం మరొకటి. "నెట్ బాగుచేస్తాం, ఈ యాప్ వేసుకోండి, నంబరు చెప్పండి" అని ముక్కూమొహం తెలియనివారు ఫోన్ చేస్తే నమ్మరాదు. ఆ యాప్‌తో కంప్యూటర్ వారి చేతిలోకి పోతుంది, బ్యాంకు ఖాతా ఖాళీ అయ్యే ప్రమాదముంది. ఇప్పటికే మోసపోయినవారు ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

నెట్ బాగా వస్తున్న రోజునే ఆ అంకెలను ఒక కాగితం మీద రాసి, కంపెనీ ఫోన్ నంబరుతో సహా మోడెం పక్కన గోడకు అంటించుకోవడం మంచిది. ఆఖరు గడువు నాడు అక్కరకొచ్చేది ఆ కాగితమే.