మల్బరీకి విరామం, షెడ్డుకి విరామం... మరి మనకి?



కొమ్మలు కోశాక మల్బరీ తోటకి కొన్నాళ్లు తీరిక ఇస్తాం. గూళ్లు దించాక షెడ్డు కడిగి, మందు కొట్టి మూసేస్తాం. పురుగు కూడా ప్రతి జ్వరానికీ మేత మానేసి పడుకుంటుంది. ఏడాదికి ఎనిమిది, పది పంటలు తీసే ఇంట్లో తీరిక లేనిది మనుషులకే. అందులోనూ ఆడవాళ్లకి. నాలుగో జ్వరం లేచాక రాత్రి ఆఖరి మేత వేసేదీ, తెల్లవారకముందే లేచి పడకలు చూసేదీ చాలా ఇళ్లలో వాళ్లే.

"పురుగులు పెట్టుకున్నోళ్లకి సెలవు ఎక్కడిది?" అని మనలో చాలామంది అంటారు. సెలవు ఉంది. అది పంట లెక్కలోనే ఉంది. ముందుగా రాసి పెట్టుకోకపోవడం వల్లే అది చేతికి రాదు. దసరా దాటి కార్తీకం వస్తోంది. మన పెద్దలు ఉసిరి చెట్టు కింద వనభోజనాలు పెట్టుకున్న కాలం ఇది. ఈసారి రెండు రోజులు కొండకి ఎలా పోయి రావచ్చో చూద్దాం.

*పంట లెక్కలో సెలవు ఎక్కడుంది?*

రెండో జ్వరం దాటిన చాకీ పురుగులు తెచ్చుకునే బైవోల్టిన్ రైతుకి, చాకీ దిగిన రోజు నుంచి గూళ్లు దించే వరకు సుమారు 25 రోజులు. ఈ రోజుల్లో కదలలేం. గూళ్లు దించిన రోజుని ఒకటో రోజు అనుకోండి.

1వ రోజు: గూళ్లు దించడం, ఏరడం.
2వ రోజు: మార్కెట్.
3, 4 రోజులు: చెత్త తీసేయడం, షెడ్డు, స్టాండ్లు, చంద్రికలు శుభ్రం చేయడం, మొదటి డిసిన్ఫెక్షన్.
5, 6 రోజులు: సెలవు.
7వ రోజు: తోట పని, సున్నం, సామాన్లు సర్దుకోవడం.
8వ రోజు: రెండో డిసిన్ఫెక్షన్. చాకీ రావడానికి మూడు రోజుల ముందు ఇది తప్పనిసరి.
11వ రోజు: కొత్త చాకీ.

ఇది కుదరాలంటే చాకీ కేంద్రానికి తేదీ ముందే చెప్పాలి. గూళ్లు దించాక చెబితే వాళ్ల తేదీకి మనం పరిగెత్తాలి. ఇప్పుడున్న పంట మూడో జ్వరంలో ఉండగానే చెప్పేయండి.

*మార్కెట్ నుంచి అటే పోవద్దు*

శిడ్లఘట్టలో గూళ్లు అమ్మి, డబ్బు పడగానే అటునుంచి అటే కొండెక్కుదామని అనిపిస్తుంది. మార్కెట్ ఉన్నది చిక్కబళ్లాపురం జిల్లాలోనే, కొండ ఉన్నదీ అక్కడే. కానీ ఇంట్లో షెడ్డు కడగకుండా ఉంటుంది. గూళ్లలోంచి బయటికొచ్చిన ఉజి ఈగ పిల్ల పురుగులు నేల సందుల్లో దూరి ప్యూపాలవుతాయి. మిగిలిన ఆకు, పెంట తేమకి కుళ్లుతుంది. ఈ చల్లటి తేమ కాలంలోనే సున్నపుకట్టు రోగం ఎక్కువ. రెండు రోజులు ఆలస్యం చేసి కడిగితే ఆ నష్టం వచ్చే పంటలో కనిపిస్తుంది.

కాబట్టి ముందు షెడ్డు, తర్వాతే కొండ. 100 లీటర్ల నీటికి 2 కిలోల బ్లీచింగ్ పౌడరు, 300 గ్రాముల తడిపిన సున్నం కలిపి గోడలు, నేల, స్టాండ్లు బాగా తడిసేలా కొట్టి తలుపులు మూసేయండి. మూతికి మాస్కు, చేతికి గ్లౌజులు మరవొద్దు. అలా మూసిన షెడ్డులో ఆ రెండు రోజులు మనకి పనేమీ ఉండదు.

*ఎక్కడికి?*

బెంగళూరుకి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో నంది హిల్స్ ఉంది. ఎత్తు 1,478 మీటర్లు. బెంగళూరు కంటే ఐదు వందల మీటర్లకి పైనే ఎత్తు కాబట్టి మూడు, నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటుంది. పెనుకొండ, బాగేపల్లి వైపువాళ్లకి 44వ నంబరు జాతీయ రహదారి. హిందూపురం వాళ్లకి గౌరీబిదనూరు దారి. మదనపల్లె వాళ్లకి చింతామణి మీదుగా.

మనకి ఈ కొండతో చుట్టరికం ఉంది. అనంతపురం, కడప, నెల్లూరు జిల్లాలకి నీళ్లిచ్చే పెన్న పుట్టింది ఈ నంది కొండల వరసలోనే. కొండ మీద కోటని బలపరచినవాళ్లలో టిప్పు సుల్తాన్ ఒకడు. బెంగాల్ నుంచి పట్టుపురుగుల గుడ్లు తెప్పించి మైసూరు రాజ్యంలో పట్టు పెంపకం మొదలుపెట్టించిందీ ఆయనే. 1791 అక్టోబరులో ఆ కోట ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. పట్టు మాత్రం మన ఊళ్లలో నిలిచిపోయింది. ఒంట్లో బాగాలేక గాంధీ గారు 1927లో ఇక్కడే విశ్రాంతి తీసుకున్నారు. కొండ కింద నంది గ్రామంలో వెయ్యేళ్లు దాటిన భోగనందీశ్వరుడి గుడి ఉంది. పిల్లలకి ముద్దేనహళ్లి కూడా చూపించండి, విశ్వేశ్వరయ్య గారి ఊరు అక్కడే. ఆయన పూర్వీకులది మోక్షగుండం.

కర్ణాటక దాకా వద్దనుకునే చిత్తూరు, మదనపల్లె వాళ్లకి హార్స్‌లీ హిల్స్ ఉండనే ఉంది. మన పాతవాళ్లు ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. 1,265 మీటర్ల ఎత్తు, మదనపల్లె నుంచి సుమారు 30 కిలోమీటర్లు. ఏపీ టూరిజం వాళ్ల బస కొండ మీదే ఉంది.

*ముందే చూసుకోవాల్సినవి*

శని, ఆదివారాలు వద్దు. నంది హిల్స్‌కి బెంగళూరు జనమంతా ఆ రెండు రోజులే వస్తారు, బండ్లు కొండ కిందే ఆగిపోతాయి. మన సెలవుకి వారంతో పనిలేదు. మంగళ, బుధవారాలు పెట్టుకోండి. బడి పిల్లలుంటే దసరా సెలవులకి పంట తేదీ కుదిరేలా చాకీ చెప్పుకోండి. కొండ మీద గదులు తక్కువ, ముందే బుక్ చేయాలి. దొరక్కపోతే చిక్కబళ్లాపురంలో బస చేసి పొద్దున్నే ఎక్కవచ్చు. గేటు ఎన్నింటికి తీస్తారో ముందు రోజే కనుక్కోండి.

అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వాన ఉంటుంది. 2021 ఆగస్టులో పెద్ద వానకి కొండచరియ విరిగిపడి నంది దారి మూసేశారు. తుపాను కబురుంటే ప్రయాణం వాయిదా వేయండి. స్వెట్టర్లు, గొడుగులు, పెద్దవాళ్ల మందులు పెట్టుకోండి. పులిహోర డబ్బా చేతిలో పట్టుకుని నడవకండి, కోతులు లాగేసుకుంటాయి.

ఇంటి దగ్గర పశువులకి, డ్రిప్పుకి బదులు పని మాట్లాడుకోండి. ఈ పంటకి మీరు పోయి రండి, పక్కింటివాళ్లు చూస్తారు. వచ్చే పంటకి వాళ్లు పోతే మీరు చూడండి.

దారిలో బంధువుల ఊరొస్తే పలకరించండి గానీ వాళ్ల పురుగుల షెడ్డులోకి మాత్రం పోవద్దు. రోగం చెప్పులతో, బట్టలతో వస్తుంది. దోమల మందు ఒంటికి పూసుకుని ఉంటే, స్నానం చేసి బట్టలు మార్చాకే మన షెడ్డులో అడుగు పెట్టండి.

వచ్చే చాకీకి ఫోన్ చేసే ముందు ఇంట్లో ఆడవాళ్లని ఒక మాట అడగండి: ఏ రెండు రోజులు కావాలి, ఏ కొండకి పోదాం అని. వాళ్లు చెప్పిన తేదీని క్యాలెండర్‌లో రెండో డిసిన్ఫెక్షన్ తేదీకి పైన రాసుకోండి. చాకీ తేదీ దాన్ని బట్టి చెప్పండి.