షిఫ్టు మారినా సంకల్పం నిలవాలి

పటాన్‌చెరు, పాశమైలారం కర్మాగారాల కార్మికుల దినచర్యను షిఫ్టులే శాసిస్తాయి. రోజూ ఉదయం చదువుకోవాలి, ఏదైనా రాయాలి అని చేసుకున్న సంకల్పం రాత్రి షిఫ్టు రాగానే చెదిరిపోతుంది. అంతమాత్రాన నిరాశ తగదు.

నేటి సంగారెడ్డి జిల్లాలోని ఆందోల్‌లో 1908లో జన్మించిన ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ తొలి సంపుటి 1944లో, మలి సంపుటి 1961లో వెలువడ్డాయి. నడుమ అజ్ఞాతవాసం, కారాగారం. అయినా కవిత్వం ఆగిపోలేదు.

స్వల్పమైనా నిరంతరం సాగే ఆచరణ అల్లాహ్‌కు అత్యంత ప్రీతికరమని దైవప్రవక్త (స) బోధించారు. కనుక మన లక్ష్యాన్ని గడియారానికి గాక నమాజుకు ముడివేద్దాం. షిఫ్టు ఏదైనా ఐదు పూటల నమాజు తప్పదు. ఆ వారం వీలైన నమాజు తరువాత పది నిమిషాలు ఆ పనికే కేటాయిద్దాం. ఇంటి పనులతో సతమతమయ్యే గృహిణికీ ఆ పది నిమిషాలు దక్కేలా చూడడం కుటుంబ సభ్యులందరి బాధ్యత.