షుగరు దానంతటది తగ్గితే కిడ్నీ సంగతి చూడాలి

మూత్రపిండాల దీర్ఘకాలిక వ్యాధికి షుగరు వ్యాధి ఒక ప్రధాన కారణమన్న సంగతి ఇప్పుడు చాలామందికి తెలుసు. కాని దెబ్బతిన్న మూత్రపిండాలు తిరిగి ఇన్సులిన్ పనితీరునే మార్చివేస్తాయన్న సంగతి, అదీ పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే రెండు దిశల్లో మారుస్తాయన్న సంగతి, అంతగా ప్రచారంలోకి రాలేదు.

ఇందులో మొదటిది ఇన్సులిన్ నిరోధకత, అంటే క్లోమగ్రంథి ఇన్సులిన్‌ను తగినంతగా విడుదల చేస్తున్నా కండరాలు దానికి లొంగక, రక్తంలోని గ్లూకోజును లోపలికి తీసుకోకపోవడం. అమెరికా వైద్యుడు రాల్ఫ్ డీఫ్రోంజో తన సహచరులతో కలిసి 1979లో ప్రకటించిన ఒక పరీక్షా విధానంలో, ఒక సూది ద్వారా ఇన్సులిన్‌ను నిలకడగా ఎక్కిస్తూ, రక్తంలో షుగరు మారకుండా ఉండేందుకు ఎంత గ్లూకోజు ఎక్కించవలసి వస్తోందో కొలుస్తారు. షుగరు వ్యాధి లేని కిడ్నీ రోగులను ఆయన బృందం ఈ పద్ధతిలో పరీక్షించి, 1981లో వెలువరించిన ఫలితాల ప్రకారం, వారికి ఆరోగ్యవంతుల కన్నా చాలా తక్కువ గ్లూకోజు సరిపోయింది, అంటే వారిలో ఇన్సులిన్ అంతగా పనిచేయలేదు. కాలేయం ఇన్సులిన్ మాట వింటూనే ఉందనీ, లోపమంతా ప్రధానంగా కండరాల్లోనే ఉందనీ ఆ పరీక్షలు తేల్చాయి. మూత్రంలో పోవలసిన వ్యర్థాలు రక్తంలో నిలిచిపోవడం, ఒంట్లో ఆమ్లం పేరుకోవడం, ఒంట్లో విడవకుండా కొనసాగే ఇన్ఫ్లమేషన్, రక్తహీనత, డి విటమిన్ లోపం, నడక తగ్గిపోవడం అన్నీ కలిసి ఈ స్థితిని తెస్తాయి. ఇన్సులిన్‌కు కండరాల మాంసకృత్తులను కాపాడే పని కూడా ఉన్నందువల్ల, అది పనిచేయనప్పుడు తొడలు, భుజాలు సన్నబడి రోగి నీరసించిపోతాడు. దీన్ని వయసు మీద పడటమేనని సరిపెట్టుకోవడం సరికాదు.

రెండో దిశ ఇంతకన్నా ప్రమాదకరమైనది. క్లోమం నుంచి వెలువడిన ఇన్సులిన్‌లో దాదాపు సగాన్ని కాలేయం మొదటి విడతలోనే తొలగిస్తుంది. మిగిలినదాన్ని విచ్ఛిన్నం చేసి రక్తం నుంచి తొలగించడంలో మూత్రపిండాలదే పెద్ద వాటా. సూదితో వేసుకున్న ఇన్సులిన్ ముందుగా కాలేయం గుండా వెళ్లదు గనుక దాని భారం మూత్రపిండాల మీద మరింత ఎక్కువగా పడుతుంది. అవి బాగా దెబ్బతిన్నప్పుడు ఇన్సులిన్ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. ఉపవాస సమయంలో మూత్రపిండాలు స్వయంగా తయారుచేసే గ్లూకోజు కూడా తగ్గుతుంది. ఆకలి మందగించి తిండి సగమవుతుంది. అందుచేత కండరాల్లో నిరోధకత కొనసాగుతున్నా, ఏళ్ల తరబడి వాడిన మోతాదే ఎక్కువై షుగరు పడిపోతుంది.

హైదరాబాదులో ఎల్బీనగర్ చౌరస్తా నుంచి చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా సాగే రోడ్డుకు ఇరువైపులా ఉన్న రక్తపరీక్షా కేంద్రాలకు స్థానికులే కాక, నల్లగొండ, సూర్యాపేట వైపు నుంచి బస్సు దిగినవారు కూడా పరగడుపున వస్తుంటారు. నివేదిక చేతికి రాగానే అందరి చూపూ ఫాస్టింగ్ షుగరు మీదే పడుతుంది. అది తగ్గితే మందు పనిచేసిందనీ, జబ్బు నయమవుతోందనీ సంతోషిస్తారు. ఆహారం, వ్యాయామం, మందు ఏవీ మారకుండా ఆ అంకె దిగివస్తే, అదే కాగితంలో కింద ఉండే క్రియాటినిన్‌ను, వడపోత సామర్థ్యాన్ని తెలిపే ఈజీఎఫ్ఆర్‌ను చూడాలి. ఈజీఎఫ్ఆర్ మూడు నెలలకు పైగా 60 కన్నా తక్కువగా ఉంటే మూత్రపిండాల దీర్ఘకాలిక వ్యాధిగా పరిగణిస్తారు. మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీని కూడా ఈ దశలో పూర్తిగా నమ్మలేము; ఎర్ర రక్తకణాల ఆయుష్షు తగ్గడంవల్ల, రక్తహీనతకు ఇచ్చే ఇంజెక్షన్లవల్ల అది ఉన్నదానికన్నా తక్కువగా కనిపించవచ్చు.

పాత చీటీ చూపించి మెడికల్ షాపులో అవే మాత్రలు మళ్లీ మళ్లీ కొనడం ఈ దశలో అన్నిటికన్నా హానికరం. గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగరు మాత్ర అవశేషాలు దెబ్బతిన్న మూత్రపిండాల నుంచి బయటికి పోక, గంటల తరబడి షుగరును పడగొడుతూనే ఉంటాయి. చక్కెర నోట్లో వేసుకుని తేరుకున్న మనిషి మళ్లీ తెల్లవారుజామున చెమటలు పట్టి, మాట తడబడి, స్పృహ తప్పవచ్చు. మెట్‌ఫార్మిన్‌ను ఈజీఎఫ్ఆర్ 30 కన్నా తగ్గితే ఆపివేస్తారు. ఇక డపాగ్లిఫ్లోజిన్ అనే మందు షుగరు వ్యాధి ఉన్నవారిలోనూ లేనివారిలోనూ కిడ్నీ క్షీణతను నెమ్మదింపజేస్తుందని 2020లో వెలువడిన అంతర్జాతీయ పరీక్షలో రుజువైంది. ఆమ్లం పెరిగినవారికి వైద్యులు ఇచ్చే సోడియం బైకార్బొనేట్ మాత్రలు, రోజువారీ నడక కూడా నిరోధకతను కొంత తగ్గిస్తాయి.

షుగరు డాక్టరు ఒకచోట, కిడ్నీ డాక్టరు మరోచోట ఉన్న రోగులు ఒకరి చీటీని మరొకరికి చూపకపోవడం తరచుగా జరిగే పొరపాటు. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి వెళ్లేవారు పాత, కొత్త చీటీలతోపాటు షుగరు పడిపోయిన వేళలు రాసిన కాగితాన్నీ వెంట తీసుకువెళ్లాలి, ఎందుకంటే ఏ పూట ఇన్సులిన్ మోతాదు తగ్గించాలో నిర్ణయించడానికి వైద్యుడికి ఆ వేళలు తెలియాలి.