ఒకే పాట, ఎన్ని చెవులకైనా: ఆరాకాస్ట్ పనికొస్తుందా?

రైల్లో ఫ్రెండ్‌కి "ఈ పాట విను" అని ఒక ఇయర్‌బడ్ తీసివ్వడం మనకి అలవాటే. కానీ స్టీరియోలో ఎడమ, కుడి చానళ్లు వేర్వేరు. ఒకవైపు వయొలిన్లు, ఇంకోవైపు గిటార్ ఉంటే చెరో సగం పాటే వింటాం. (శుభ్రత సంగతి సరేసరి!)

శాంసంగ్‌లో డ్యూయల్ ఆడియో, ఐఫోన్‌లో 2019 నుంచి ఆడియో షేరింగ్ ఉన్నాయి కదా అంటారా? రెండు జతలతోనే సరి. పైగా ఐఫోన్‌ది కొన్ని ఎయిర్‌పాడ్స్, బీట్స్ మోడళ్లకే.

అందుకే 2022లో బ్లూటూత్ ఎస్‌ఐజీ ప్రకటించిన ఆరాకాస్ట్ నాకు నచ్చింది. ఒక్కొక్కరి బడ్స్‌నీ మన ఫోన్‌కి పెయిర్ చేయక్కర్లేదు. మన ఫోనే బుల్లి ఎఫ్‌ఎం స్టేషన్ అయిపోతుంది. రేంజ్‌లో ఎన్ని బడ్స్ ఉన్నా అందుకుంటాయి. అందరూ వినకూడదంటే పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. సపోర్ట్ ఉన్న హియరింగ్ ఎయిడ్‌కీ నేరుగా చేరుతుంది, అంటే తాతయ్య కూడా మన పాట వినొచ్చు. నాకు ఎక్కువ నచ్చింది ఇదే.

మెలిక ఏంటంటే, ఫోన్‌కీ బడ్స్‌కీ రెండిటికీ సపోర్ట్ ఉండాలి. బాక్స్ మీద బ్లూటూత్ 5.3 అని ఉంటే చాలదు. గ్యాంగ్‌లో ఒక్కరే కొంటే దండగ. నేనైతే దీనికోసం ఫోన్ మార్చను. బడ్స్ ఎలాగూ మారుస్తుంటే మాత్రం స్పెక్ షీట్‌లో ఆ పేరు ఉందో లేదో చూసే కొంటా.