మారియో కార్ట్ 8 డీలక్స్‌లో కొత్తగా 48 ట్రాక్‌లు.. పాస్ కొనాలా, మెంబర్‌షిప్ చాలా?

మారియో కార్ట్ 8 డీలక్స్ బూస్టర్ కోర్స్ పాస్‌లో ఆరో విడత ట్రాక్‌లు 2023 నవంబర్ 9న వచ్చేశాయి. ఇదే చివరి విడత. 2022 మార్చిలో మొదలైన ఈ పాస్‌లో విడతకు 8 చొప్పున మొత్తం 48 ట్రాక్‌లు ఇచ్చారు. గేమ్‌లో ముందే ఉన్న 48తో కలిపితే ఇప్పుడు 96. 2017లో స్విచ్‌కి వచ్చిన గేమ్‌కి 2023 వరకూ ఇన్ని కొత్త రోడ్లు వేశారంటే మెచ్చుకోవాల్సిందే.

పాస్ ధర 24.99 డాలర్లు. మన లెక్కలో రూ.2,000 పైమాటే. మనకి ఇక్కడ ఈషాప్ లేదు కాబట్టి నా అకౌంట్ అమెరికా రీజియన్‌లో ఉంది.

నింటెండో స్విచ్ ఆన్‌లైన్‌లో ఎక్స్‌పాన్షన్ ప్యాక్ మెంబర్‌షిప్ ఉంటే పాస్ విడిగా కొనక్కర్లేదు. నేను మొదట ఆ దారే పట్టాను. ఏడాదికి 49.99 డాలర్లు కట్టి, ట్రాక్‌లు ఫ్రీగా వచ్చాయని సంబరపడ్డా. గడువు అయిపోయిన సంగతి మాత్రం మర్చిపోయా. దసరా సెలవులకి మా అక్క కొడుకు వచ్చి కొకోనట్ మాల్ పెట్టమన్నాడు. చూస్తే ఓపెన్ అవ్వలేదు. "వేసవిలో ఆడాం కదా మామయ్యా!" అన్నాడు. ఏం చెప్పను? మెంబర్‌షిప్ ఆగితే ట్రాక్‌లూ ఆగిపోతాయి. విడిగా కొన్న పాస్‌కి ఈ బాధ లేదు. ఆ రాత్రే కొనేశా.

ఇక ట్రాక్‌ల విషయానికొస్తే, ఎక్కువ భాగం పాత మారియో కార్ట్ గేమ్‌ల నుంచి, మొబైల్ గేమ్ మారియో కార్ట్ టూర్ నుంచి తెచ్చినవే. నాకు బాగా నచ్చింది సిటీ ట్రాక్‌లు. ప్యారిస్, టోక్యో, బ్యాంకాక్, సింగపూర్.. వీటిల్లో ల్యాప్ మారితే దారి కూడా మారిపోతుంది. మొదటి ల్యాప్‌లో బట్టీ పట్టిన మలుపు తర్వాతి ల్యాప్‌లో ఉండకపోవచ్చు, బాణం గుర్తులు చూసుకుంటూ పోవాలి. మన దేశపు నగరం ఒక్కటీ లేదు, అదొక్కటే వెలితి.

గ్రాఫిక్స్ మాత్రం పాత 48 ట్రాక్‌ల స్థాయిలో లేవు. ముఖ్యంగా మొదటి విడతలో చోకో మౌంటెన్ గడ్డి చూస్తే పచ్చ రంగు పూసినట్టే ఉంటుంది. తర్వాతి విడతలు చాలా మెరుగు. చివరి విడతలో వచ్చిన వీ కాలం నాటి రెయిన్‌బో రోడ్ ఒక్కసారి ఆడి చూడండి. నేను కింద పడని ల్యాప్ ఇంతవరకూ లేదు! నాలుగో విడత నుంచి బర్డో, డిడ్డీ కాంగ్, ఫంకీ కాంగ్ లాంటి 8 మంది రేసర్లు కూడా చేరారు.

ఒక్కరే ఆడుకునేవాళ్లు, ఎక్స్‌పాన్షన్ ప్యాక్‌లోని పాత గేమ్‌లు కూడా రోజూ ఆడేవాళ్లు మెంబర్‌షిప్‌తోనే సరిపెట్టుకోవచ్చు. ఇంట్లో పిల్లలుంటే పాస్ కొనేయడమే మేలు. మీ ఫ్రెండ్ దగ్గర పాస్ ఉందా? అయితే ముందు వాళ్లతో కలిసి ఆడండి. లోకల్ వైర్‌లెస్‌లో గానీ ఆన్‌లైన్‌లో గానీ పాస్ ఉన్నవాళ్లతో చేరితే, మీరు కొనకపోయినా ఆ ట్రాక్‌ల మీద రేస్ చేయొచ్చు.