ఐవానె ఉర్దూ: ఒక గ్రంథాలయ సందర్శనం

హైదరాబాదు చూడవచ్చిన యాత్రికుడు చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగ్ మ్యూజియం చూసి తృప్తిపడతాడు. అమీర్‌పేటకు వచ్చేవారు శిక్షణ తరగతుల కోసమో, బస్సు లేదా మెట్రో మారడానికో వస్తారు. అక్కడికి సమీపాన, పంజగుట్ట ప్రాంతంలో, నాలుగు శతాబ్దాల దక్కనీ సాహిత్యానికి నిలయమైన ఒక సౌధం ఉన్నదని ఎరిగినవారు కొద్దిమందే. అదే ఐవానె ఉర్దూ. అనగా ఉర్దూ సౌధం.

డాక్టర్ సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1931లో స్థాపించిన ఇదారయె అదబియాతె ఉర్దూ అను సంస్థకు ఇది నివాసం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ ఆచార్యులైన జోర్, ఇళ్లలో మూలపడి శిథిలమవుతున్న వ్రాతప్రతులను సేకరించడం జీవితవ్రతంగా స్వీకరించారు. 1938లో 'సబ్‌రస్' మాసపత్రిక వెలువడింది. హైదరాబాదు నగర నిర్మాత ముహమ్మద్ కులీ కుతుబ్ షా కవితాసంపుటిని జోర్ పరిష్కరించగా 1940లో అది అచ్చయింది. సౌధానికి స్థలమిచ్చినవారు ఆయన సతీమణి, కవయిత్రి తహనియతున్నీసా బేగం. 1962లో జోర్ కన్నుమూశారు.

ఇట్టి గ్రంథాలయంలో చూడవలసినదేమి? వ్రాతప్రతిలో పుట అడుగున, తరువాతి పుటలోని మొదటి మాట విడిగా వ్రాసి ఉండటం కద్దు. పుటల సంఖ్యలు లేని కాలంలో వరుస తప్పకుండా కాపాడిన గుర్తు అది. చివరి పుటలో లేఖకుడు తన పేరును, ముగించిన తేదీని వ్రాయడం ఆచారం. దీపపు మసితో చేసిన సిరా ఎండకు వెలిసిపోదు, కాని తడి తగిలితే అలుక్కుపోతుంది. కాబట్టి ఏ ప్రతిని చూపినా శుభ్రమైన, పొడి చేతులతో, అనుమతి పొందిన పిదపనే తాకవలెను.

తెలుగు విద్యార్థికి దీనితో పనేమి అని ఎవరైనా అడుగవచ్చు. కులీ కుతుబ్ షా తండ్రి ఇబ్రహీం కులీ తెలుగు కవులకు మల్కిభరాముడు; అద్దంకి గంగాధర కవి 'తపతీసంవరణోపాఖ్యానము'ను అంకితమిచ్చినది ఆయనకే. కుమారుడు తన దక్కనీ కవితలలో 'మిర్గ్'ను, అనగా మృగశిర కార్తె తొలకరిని, వర్ణించాడు. రైతు ఎదురుచూసే వాన ఒకటే, దానిని పాడిన లిపులు రెండు.

పురుగు, తేమ కంటె పెద్ద శత్రువు మరొకటి ఉన్నది: చదివేవారు లేకపోవడం. బీరువాలో భద్రంగా ఉన్నా, లిపి తెలిసినవాడు లేనినాడు ఆ గ్రంథం మూగదే. కాబట్టి మిత్రులారా, ఉర్దూ చదివేవారు తెలుగు ఓనమాలను, తెలుగు చదివేవారు అలీఫ్, బే లను నేర్వండి. కళాశాల పాలకవర్గంవారు ఏటా ఒక దినం ఇట్టి సందర్శనకు కేటాయిస్తే, రెండు భాషల విద్యార్థులు ఒకే బల్ల వద్ద కూర్చొని ఒకరికొకరు చదివి వినిపించగలరు. ఆ బల్ల మన కళాశాలకు ఎంతో దూరంలో లేదు.