ఆటలో నిలకడ ఎలా వస్తుంది? – టోనీ పార్కర్ ఉదాహరణ

బాస్కెట్‌బాల్ అంటే పొడుగువాళ్ల ఆట అని చాలామంది అనుకుంటారు. రింగు నేల నుంచి 10 అడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ ప్రతి జట్టులోనూ మిగతావాళ్ల కంటే పొట్టిగా ఉండి, బంతిని కోర్టు ఈ చివరి నుంచి ఆ చివరికి తీసుకువెళ్లి, ఎవరికి ఎప్పుడు అందించాలో నిర్ణయించేవాడు ఒకడుంటాడు. అతన్నే పాయింట్ గార్డ్ అంటారు. క్రికెట్ జట్టుకు కెప్టెన్ ఎలాగో, దాడి చేసే సమయంలో బాస్కెట్‌బాల్ జట్టుకు పాయింట్ గార్డ్ అలాగ.

సాయంత్రం ఆటల పీరియడ్‌లో మేము తరచుగా వినే మాట ఒకటుంది. "నిన్న ఎంత బాగా ఆడాడు! ఈ రోజు వీడికి ఏమైంది?" అని. వయసులో చిన్నవాడైన గార్డ్ విషయంలో ఈ మాట ఎక్కువగా వినిపిస్తుంది. ఒకరోజు అతన్ని ఆపేవాడే ఉండడు, మరునాడు ఒక్క బంతీ రింగులో పడదు. దీనికి అదృష్టమో, మూడో కారణం అనుకుంటారు. నిజానికి దీని వెనుక లెక్క ఉంది. ఆ లెక్కను అర్థం చేసుకోవడానికి ప్రపంచ ప్రసిద్ధుడైన ఒక ఆటగాడి తొలి ఆరేళ్లను ఇక్కడ వివరిస్తున్నాము.

పది నిమిషాల్లో వద్దన్నారు

టోనీ పార్కర్ 1982 మే 17న బెల్జియంలోని బ్రూజ్ నగరంలో పుట్టాడు. పెరిగింది ఫ్రాన్స్‌లో. తండ్రి అమెరికా నుంచి వచ్చి యూరప్ క్లబ్బుల్లో బాస్కెట్‌బాల్ ఆడినవాడు. తల్లి డచ్ దేశస్థురాలు. ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు. మనకు ఇది ఎక్కువే అనిపించినా, అమెరికాలోని ఎన్‌బీఏ పోటీల్లో ఈ ఎత్తు ఉన్నవాడు పొట్టివాడి కిందే లెక్క.

2001లో శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టు అతన్ని పరీక్షించింది. జట్టు సిబ్బందిలో బలంగా, మొరటుగా ఆడే ఒక మాజీ ఆటగాడిని అతని మీదికి వదిలారు. కుర్రవాడు నిలబడలేకపోయాడు. సుమారు పది నిమిషాలు చూసి కోచ్ గ్రెగ్ పోపోవిచ్ ఇతను వద్దన్నాడు. మిగతా సిబ్బంది నచ్చజెప్పి రెండో అవకాశం ఇప్పించారు. రెండోసారి అతను బాగా ఆడాడు. ఆ ఏడాది ఆటగాళ్ల ఎంపికలో స్పర్స్ అతన్ని 28వ స్థానంలో తీసుకుంది. సీజన్ మొదలైన కొద్ది రోజులకే, 19 ఏళ్ల వయసులో, మ్యాచ్ ఆరంభంలోనే బరిలోకి దిగే ఐదుగురిలో ఒకడయ్యాడు.

ఇక్కడితో కథ సుఖాంతం కాలేదు. అసలు కష్టం ఇక్కడే మొదలైంది.

వేగం ఉంది, షాట్ లేదు

పార్కర్ బలం వేగం. బంతిని నేలకు కొడుతూ కూడా ప్రత్యర్థి కంటే వేగంగా పరుగెత్తగలడు. ఒక్క అడుగు సందు దొరికితే చాలు, రింగు కిందికి చొరబడి లే-అప్ వేసేవాడు. కాని దూరం నుంచి వేసే జంప్ షాట్ మీద అతనికి పట్టు లేదు. ఫ్రీ త్రోలు కూడా అంతంత మాత్రమే.

ఒక ఆటగాడి దాడిలో ఇలా ఒకటే ఆయుధం ఉంటే ఏమవుతుందో చూడండి. ప్రత్యర్థి జట్టు కోచ్ తన గార్డ్‌తో ఇలా చెబుతాడు: "అతనికి దగ్గరగా పోవద్దు. నాలుగడుగులు వెనక్కి తగ్గి నిలబడు. దూరం నుంచి వేస్తే వేయనీ." అప్పుడు వేగం ఎందుకూ పనికిరాదు. దాటిపోవడానికి ఎదురుగా దగ్గరలో మనిషే ఉండడు. దాటినా వెనుక పొడుగాటి సెంటర్ కాచుకుని ఉంటాడు. ఇక దూరం నుంచి వేయక తప్పదు. ఆ రోజు అవి పడితే ఆట బాగున్నట్లు, పడకపోతే చెడినట్లు.

కాబట్టి నిలకడ లేకపోవడం అంటే ఒకరోజు ప్రతిభ ఉండి ఒకరోజు పోవడం కాదు. బలమైన ఆయుధాన్ని వాడుకోనిచ్చే ప్రత్యర్థి ఎదురైన రోజు బాగా ఆడతాడు. బలహీనమైన ఆయుధాన్ని వాడేలా చేసే ప్రత్యర్థి ఎదురైన రోజు తేలిపోతాడు. అంటే అతని ఆట అతని చేతిలో లేదు, ఎదుటివాడి చేతిలో ఉంది.

అంకెలు కూడా ఇదే చెబుతాయి. మొదటి సీజన్‌లో పార్కర్ మ్యాచ్‌కు సగటున 9.2 పాయింట్లు చేశాడు. రెండో సీజన్‌లో 15.5కు పెరిగాడు. మూడో సీజన్‌లో 14.7కు తగ్గాడు. ఫ్రీ త్రోలలో రెండో ఏట 75 శాతం దాటినవాడు నాలుగో ఏట 65 శాతానికి పడిపోయాడు. ఎదుగుదల ఎప్పుడూ మెట్లెక్కినట్లు సాగదని దీన్నిబట్టి తెలుస్తుంది.

గెలిచిన జట్టులో చేదు అనుభవం

2003లో స్పర్స్ జట్టు ఫైనల్స్‌లో న్యూజెర్సీ నెట్స్‌ను 4-2తో ఓడించి విజేతగా నిలిచింది. ఆ ఫైనల్స్ మూడో మ్యాచ్‌లో పార్కర్ 26 పాయింట్లు చేశాడు. కానీ చివరిదైన ఆరో మ్యాచ్‌లో, కప్పు తేలే ఆఖరి ఘట్టంలో, కోచ్ అతన్ని కూర్చోబెట్టి స్పీడీ క్లాక్స్‌టన్ అనే మరో గార్డ్‌ను ఆడించాడు. జట్టు గెలిచింది. 21 ఏళ్ల పార్కర్ ఆ గెలుపును బెంచీ మీద నుంచి చూశాడు.

అంతటితో ఆగలేదు. ఆ వేసవిలోనే స్పర్స్ యాజమాన్యం అదే నెట్స్ జట్టు గార్డ్ జేసన్ కిడ్‌ను తెచ్చుకోవడానికి గట్టిగా ప్రయత్నించింది. కిడ్ ఆ రోజుల్లో గొప్ప పాయింట్ గార్డ్‌లలో ఒకడు. అతను వస్తే పార్కర్ చోటు గల్లంతే. చివరకు కిడ్ తన పాత జట్టులోనే ఉండిపోయాడు.

మరుసటి ఏడాది, 2004లో, లాస్ ఏంజెలిస్ లేకర్స్‌తో సిరీస్. మొదటి రెండు మ్యాచ్‌లు స్పర్స్ గెలిచింది. రెండో మ్యాచ్‌లో పార్కర్ 30 పాయింట్లు చేశాడు. లేకర్స్ వెంటనే పద్ధతి మార్చుకుంది. అతను చొరబడే దారులన్నీ మూసింది. తర్వాతి నాలుగు మ్యాచ్‌లూ స్పర్స్ ఓడింది. పైన చెప్పిన "నాలుగడుగులు వెనక్కి" సూత్రం పెద్ద పోటీల్లో ఎలా పనిచేస్తుందో చూపడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

పొడుగువాళ్ల మీదుగా ఒక షాట్

ఈ సమస్యకు పార్కర్ దగ్గర ఒక సగం జవాబు మొదటి నుంచీ ఉంది. అదే 'టియర్ డ్రాప్', అంటే కన్నీటి బొట్టు అని పేరుపడిన షాట్. రింగు దాకా పోకుండా, సుమారు పదడుగుల దూరంలోనే, పరుగులో ఉండగానే బంతిని ఒంటిచేత్తో మెల్లగా పైకి వదులుతాడు. అది సెంటర్ చేతుల మీదుగా ఎత్తుకు లేచి రింగులో బొట్టులా జారుతుంది. సెంటర్ ముందుకు వచ్చి అడ్డుకునేలోపే బంతి చెయ్యి దాటిపోతుంది.

బంతిని అంత ఎత్తుగా వేయడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. పదో తరగతి త్రికోణమితి చదివిన వారికి ఇది సులువుగా అర్థమవుతుంది. రింగు వ్యాసం 18 అంగుళాలు. బంతి చుట్టుకొలత సుమారు 29.5 అంగుళాలు, అంటే వ్యాసం దాదాపు 9.4 అంగుళాలు. బంతి నిట్టనిలువుగా పడితే దానికి 18 అంగుళాల నోరు పూర్తిగా కనిపిస్తుంది. ఏటవాలుగా వస్తే ఆ నోరు అండాకారంగా ఇరుకవుతుంది. ఆ ఇరుకు వెడల్పు 18ని కోణం సైన్ విలువతో గుణిస్తే వస్తుంది. 30 డిగ్రీల కోణంలో వస్తే 9 అంగుళాలే. బంతి కంటే తక్కువ! కాబట్టి అది రింగుకు తగలకుండా పడటం అసాధ్యం. 45 డిగ్రీలైతే సుమారు 12.7 అంగుళాలు, 60 డిగ్రీలైతే 15.6 అంగుళాలు. పీఈటీ సార్లు "బంతిని పైకి లేపి వెయ్" అని పదే పదే చెప్పేది ఇందుకే.

అయితే టియర్ డ్రాప్ ఒక్కటే చాలదు. అది వేయాలన్నా ముందు ఎదుటివాడు దగ్గరకు రావాలి. అతను రావాలంటే దూరం నుంచి కూడా పాయింట్లు చేస్తాడనే భయం ఉండాలి.

వదిలేయడం కూడా నేర్చుకోవడమే

2005లో స్పర్స్ జట్టు చిప్ ఎంగెలాండ్ అనే షూటింగ్ కోచ్‌ను నియమించుకుంది. ఇతను ఎన్‌బీఏలో ఆడినవాడు కాదు. షాట్‌ను సరిదిద్దడమే ఇతని వృత్తి. పార్కర్ విషయంలో ఇతను చేసిన పనులు రెండు. మొదటిది, బంతి మీద బొటనవేలు ఉంచే తీరు వంటి చిన్న చిన్న విషయాలను సరిచేసి, దగ్గరి దూరం నుంచి మొదలుపెట్టి షాట్‌ను మళ్లీ నేర్పించడం. రెండోది, త్రీ పాయింటర్లు వేయడం దాదాపుగా మాన్పించడం.

రెండో పని వింతగా అనిపించవచ్చు. బలహీనత ఉన్నచోట ఎక్కువ సాధన చేయాలి గాని మానేయడమేమిటి? లెక్క వేసి చూద్దాం. 2004-05 సీజన్‌లో పార్కర్ వేసిన త్రీ పాయింటర్లలో పడినవి 28 శాతం లోపే. వంద వేస్తే 28 పడ్డాయనుకున్నా వచ్చేది 84 పాయింట్లు. అదే మనిషి రెండడుగులు లోపలికి వచ్చి మధ్యదూరం షాట్ నేర్చుకుని, వందలో 45 వేయగలిగితే 90 పాయింట్లు. రింగు దగ్గర వందలో 60 పడితే 120. ఏది లాభమో చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. ముందు ఒక దూరంలో చెయ్యి కుదిరితే, ఆ తర్వాత దూరం పెంచుకోవచ్చు. కుదరకుండానే దూరం పెంచితే రెండూ పోతాయి.

ఫలితం మరుసటి సీజన్‌లోనే కనిపించింది. 2005-06లో పార్కర్ సగటు 18.9 పాయింట్లకు చేరింది. అంతకంటే ముఖ్యం, అతని షాట్లలో దాదాపు 55 శాతం రింగులో పడ్డాయి. మొదటి సీజన్‌లో అది 42 శాతం. రింగు పక్కనే నిలబడే పొడుగాటి సెంటర్లకు ఉండవలసిన శాతం ఇది, ఒక గార్డ్‌కు రావడం చాలా అరుదు. ఆ ఏడాదే అతను మొదటిసారి ఆల్ స్టార్ జట్టుకు ఎంపికయ్యాడు. ఫ్రీ త్రోలు కూడా మెల్లగా మెరుగై 2006-07 నాటికి 78 శాతానికి చేరాయి.

2007 ఫైనల్స్‌లో స్పర్స్ జట్టు క్లీవ్‌లాండ్ కావలియర్స్‌ను 4-0తో ఓడించింది. పార్కర్ సగటున 24.5 పాయింట్లు చేసి, దాదాపు 57 శాతం షాట్లు వేసి, ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. ఆ గౌరవం పొందిన మొదటి యూరప్ ఆటగాడు అతనే. దగ్గరకు వచ్చినవాడిని వేగంతో దాటాడు. వెనక్కి తగ్గినవాడి మీదుగా జంప్ షాట్ వేశాడు. ఇప్పుడు ఎదుటివాడు ఏం చేసినా ఇతని దగ్గర జవాబుంది. నిలకడ అంటే ఇదే.

ఆ తర్వాత 2014లో నాలుగో కప్పు గెలిచాడు. 2013లో ఫ్రాన్స్ జట్టు యూరప్ విజేత కావడంలో ముఖ్యుడయ్యాడు. 2019లో ఆట నుంచి తప్పుకున్నాడు. 2023లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతనికి చోటు దక్కింది. అదే సంవత్సరం అదే వేదిక మీద ఆ గౌరవం అందుకున్నవారిలో, పది నిమిషాలు చూసి వద్దన్న పోపోవిచ్ కూడా ఉన్నాడు.

మనం తీసుకోవలసినది

తమ్ముళ్లూ, మనలో ఎవరూ ఎన్‌బీఏకు పోకపోవచ్చు. కానీ హాస్టల్‌కు కొత్తగా వచ్చిన పిల్లవాడిని మొదటి వారంలోనే "వీడికి రాదు" అనేయడం మనం చూస్తూనే ఉంటాం. ఒక యూనిట్ టెస్టులో 80 మార్కులు, తర్వాతి దానిలో 35 వచ్చినవాడిని "నిలకడ లేనివాడు" అంటాం. పేపరులో వచ్చిన పాఠం తనకు తెలిసినదైతే 80, తెలియనిదైతే 35. అతని మార్కులు పేపరు పెట్టేవారి చేతిలో ఉన్నాయన్నమాట. దీనికి మందు అతన్ని తిట్టడం కాదు. ఏ పాఠం రాదో విడదీసి చూడాలి. దాన్ని మొదటి మెట్టు నుంచి మళ్లీ నేర్పాలి. ఇప్పుడే అందనిదాన్ని కొంతకాలం పక్కన పెట్టి, అందేదాన్ని గట్టి చేసుకోవాలి.

కోర్టులో సాధన చేసేవారికి మేము చెప్పేది కూడా ఇదే. రింగుకు ఐదడుగుల దూరం నుంచి పదికి ఏడు పడేదాకా వెనక్కి జరగవద్దు. ఎన్ని వేశారో, ఎన్ని పడ్డాయో ఒక పాత నోటు పుస్తకంలో రాసుకోండి. నెల తిరిగాక ఆ అంకెలు మీకే చెబుతాయి. అంకె తగ్గిన వారం దిగులుపడవద్దు. మూడో ఏట పార్కర్ అంకె కూడా తగ్గింది.

ఇక జట్టుగా మన బాధ్యత ఒకటుంది. స్పర్స్ జట్టు పార్కర్‌ను కూర్చోబెట్టింది, అతని చోట మరొకరిని వెదికింది. అయినా నేర్పడం మానలేదు. అతనూ అలిగి వెళ్లిపోలేదు. ఆడలేకపోయిన రోజున పక్కకు కూర్చోబెట్టడం తప్పు కాదు. మరునాడు మళ్లీ పిలవకపోవడం తప్పు.